నూలు పిండిన చేతులు

మా ల్యాబు వరండాలో పొద్దున్నే చెన్నమ్మ నేల తుడుస్తుంది. తడిబట్టను మెలిపెట్టి పిండినప్పుడు నీళ్లు బకెట్టులో ముందు ధారగా, తర్వాత చుక్కలుగా పడే చప్పుడు తలుపు ఇవతలికి వినిపిస్తుంది. హైదరాబాదులో ఎన్ని ఏళ్లుగానో ఉంటున్నాను, ఆ చప్పుడుకు ఇంకా అలవాటు పడలేదు. అది వినగానే నా చేతిలో పని ఆగిపోతుంది. ఫినాయిలు వాసన పోయి, ఉడుకుతున్న రంగునీళ్ల వాసన ముక్కుకు తగులుతుంది. గద్వాలలో ఒక అద్దకం ఇంటి పెరడు, అక్కడ నూలు చిలపలను, అంటే పోగుల కట్టలను, పిండుతున్న మనుషులు, ఆ ఇంటి నుంచే వచ్చి వనపర్తిలో మాకు కెమిస్ట్రీ పాఠం చెప్పిన వీరేశం సార్ గుర్తుకొస్తారు. సార్‌ను మీరెవరూ చూసి ఉండరు. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. కానీ నేను ఈరోజు ఏదైనా ఒక మాట నమ్మే ముందు ఒక్క క్షణం ఆగుతున్నానంటే అది ఆయన పెట్టిన అలవాటు.

నేను చేసే పని కూడా రంగులు తయారుచేయడమే, కాకపోతే చీరలకు కాదు. మన ఒంట్లో ప్రోటీన్లు దేని పని అది చేసుకుంటూ ఉంటాయి. కొన్ని జబ్బుల్లో అవి తమ రూపం తప్పి, ఒకదాని మీద ఒకటి పేరుకుని, కంటికి ఆనని సన్నటి పోగులవుతాయి. మెదడులో పేరుకుంటే మతి పోతుంది. గుండెలో పేరుకుంటే గుండె గోడలు బిగిసిపోతాయి. ఆ పోగులను వెతికి, పట్టుకుని, పట్టుకున్న చోట వెలిగే రంగు అణువులను తయారుచేయడం నా ఉద్యోగం. ఇది చెబితే మా ఊళ్లో వాళ్లు “అంటె అద్దకమే గదనే” అంటారు. సార్ అయితే “అవును, అద్దకమే” అని గర్వంగా ఒప్పుకునేవారు.

డిగ్రీ మొదటి ఏడాదిలో మొదటి ప్రాక్టికల్. ప్రతి ఒక్కరికీ ఒక లవణం ఇచ్చి అందులో ఏముందో తేల్చమన్నారు. నా లవణంలో క్లోరైడు ఉందని నేను చిటికెలో తేల్చేశాను. సిల్వర్ నైట్రేటు చుక్కలు వేయగానే పాలు విరిగినట్టు తెల్లగా విరిగింది. అందరికంటే ముందు పూర్తి చేశానన్న సంబరంలో పరీక్ష నాళిక పట్టుకుని సార్ దగ్గరికి వెళ్లాను. ఆయన నాళిక వైపు చూడనే లేదు.

“ఖాళీది ఏదమ్మా?” అన్నారు.

“ఖాళీది అంటె ఏంది సార్?”

“లవణం ఒక్కటి ఎయ్యకుండ, తక్కినయన్నీ ఏసిన నాళిక.”

“లవణం లేకుంటె ఏం రాదు గద సార్.”

“రాదని నీకెట్ల తెలుసు?”

నేను నాళికలు కడగడానికీ లవణం కరిగించడానికీ కొళాయి నీళ్లు వాడాను. సార్ అదే కొళాయి కింద ఇంకో నాళిక పట్టి, ఉత్త నీళ్లలో ఆ చుక్కలే వేశారు. అదీ తెల్లగా విరిగింది. “ఇగో, మన కాలేజి బోరు గూడ పరీక్ష పాసైంది,” అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, “మీ నాయిన ఏం జేస్తడు?” అని అడిగారు. పెబ్బేరు సంతలో ఎడ్ల దళారి అని చెప్పాను. “మీ నాయిన నోట్ల పండ్లు చూసి ఎద్దును కొంటడా, అమ్మెటోని మాట ఇని కొంటడా?” “పండ్లు చూసే సార్.” “నువ్వు మాట ఇని కొన్నవ్ బిడ్డా. పో, నీళ్లు మార్చి మళ్ల జెయ్.” నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. మళ్లీ చేస్తే నా లవణంలో క్లోరైడు లేదని తేలింది. ఆ రోజు నుంచి ఖాళీ నాళిక లేకుండా నేను ఏ పరీక్షా చేయలేదు.

ఆ పట్టుదల ఆయనకు పుస్తకాల్లోంచి రాలేదు. గద్వాలలో వాళ్లింట్లో ఏ రంగు వాయి దించినా, ఆరేసిన చిలప పక్కన రంగు వేయని కోరా పోగు ఒకటి వేలాడదీస్తారట. “పక్కన కోరాది ఉంటెనే రంగు ఎంత ఎక్కిందో తెలుస్తది. లేకుంటె కన్ను మోసం జేస్తది,” అనేవారు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒకసారి నూలు పోగునూ పట్టు పోగునూ కలిపి ముడివేసి, మా కళ్ల ముందే ఒక రంగు నీళ్లలో ఉడికించి, బాగా కడిగి చూపించారు. పట్టు ఎర్రబడింది, నూలు తెల్లగానే ఉంది. “గిన్నె ఒక్కటే, నీళ్లు ఒక్కటే. రంగుకు తన పోగేదో తనకు ఎరుకే,” అన్నారు. తర్వాత బీరువాలోంచి ఒక పాత సీసా తీశారు, దాని పేరు కాంగో రెడ్. ఒకప్పుడు నూలుకు వాడి, విషమని తెలిసి మానేసిన రంగు. చేతికి తొడుగు వేసుకుని, దూరం నుంచే చూపించారు. “ఇది నూలును పట్టుకుంటదని అందరికి ఎరుకే. కని దవాఖానల గూడ దీన్ని వాడుతరు. ఒంట్ల పేరుకున్న చెడ్డ పోగులను ఇది పట్టుకుంటది. ప్రత్యేకమైన వెలుగుల పెట్టి చూస్తె ఆకుపచ్చగ మెరుస్తదంట. నేను చూడలే. మీల ఎవరన్న చూస్తె నాకు జెప్పుండ్రి.” నా బతుకు ఆ మాట దగ్గర మలుపు తిరిగింది. ఆ ఆకుపచ్చను నేను చూశాను. ఆఖరికి ఎవరి ఒంట్లో చూశానో తర్వాత చెబుతాను.

ఆ రోజుల్లోనే సార్ చేతులు తిమ్మిరెక్కేవి. సుద్దముక్క పట్టుకుని రాస్తూ రాస్తూ ఆపి, రెండు చేతులూ నీళ్లు విదిలించినట్టు విదిలించేవారు. ఒక్కోసారి బ్యూరెట్టు జారిపోయేది. మాలో ఎవరో జాలిపడితే, “అద్దకం ఇంట్ల పుట్టినోళ్ల చేతులు ఇంతే. మా నాయినవీ ఇంతే. నూలు పిండి పిండి నరాలు అరిగిపోతయ్,” అని నవ్వేసేవారు. ఫిర్యాదులా కాదు, మీసం మెలేసినట్టు చెప్పేవారు. ఆయన తాత చేతులూ అలాంటివేనట. ఆయన తండ్రి చివర్లో కాళ్లు వాచి, ఆయాసంతో పోయాడట. “రంగునీళ్ల ఆవిరి ఎక్కువ పీల్చిండు,” అని దానికీ ఇంట్లో ఒక కారణం సిద్ధంగా ఉండేది.

ఆఖరి ఏడాదిలో మమ్మల్ని కొందరిని గద్వాల తీసుకుపోయి ఆ ఇల్లు చూపించారు. పెరట్లో రాగి కాగు, పొగ, తాళ్ల మీద ఎర్ర చిలపలు, వాటి పక్కన ఆ తెల్ల కోరా పోగు. సార్ తమ్ముడు చిలపను ఒక గుంజకు తగిలించి, రెండో కొనలో కర్ర దూర్చి మెలితిప్పుతుంటే రంగునీళ్లు మోచేతుల దాకా కారుతున్నాయి. ఒక చిలప పిండాక చేతులు విదిలించుకుని, కాసేపు ఆగి, ఇంకోటి అందుకునేవాడు. “తిమ్మిరెక్కని చెయ్యి మా ఇంటి చెయ్యి గాదు,” అన్నాడు మాతో. ఆ ఇంట్లో అదొక సామెత. ఆయన భార్య పక్క గుంజ దగ్గర అంతే వేగంగా, అన్నే చిలపలు పిండుతోంది. ఆమె నవ్వి, “మేం గూడ లగ్గమైనప్పటి సంది పిండుతనే ఉన్నం. మా చేతులకైతె ఏం గాలే. కోడండ్లు జేసింది పని కిందికి రాదేమో,” అంది. అందరం నవ్వాం. సార్ అందరికంటే గట్టిగా నవ్వారు.

సార్ ఉద్యోగంలో చేరిన నాడే నూలు పిండటం మానేశారు. తిమ్మిరి మొదలైంది మాత్రం ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు. పిండటం ఆపిన చేతికి తిమ్మిరి ఎందుకొచ్చింది? రోజూ పిండే కోడళ్లకు ఎందుకు రాలేదు? రెండు ప్రశ్నలూ ఆ పెరట్లో తాడు మీద కోరా పోగులాగే అందరి కళ్లెదుటా వేలాడుతూ ఉన్నాయి. ఖాళీ నాళిక లేకుండా ఒక్క మాటా ఒప్పుకోని మనిషి తన చేతుల విషయంలో తండ్రి చెప్పిన మాట విని ఊరుకున్నారు. మేము సార్ చెప్పిన మాట విని ఊరుకున్నాం.

నేను హైదరాబాదు వచ్చి పరిశోధనలో చేరాక కూడా ఏడాదికోసారైనా సార్‌ను చూసి వచ్చేదాన్ని. రిటైరయ్యాక ఆయన నాగర్‌కర్నూలులో కూతురి ఇంట్లో ఉన్నారు. కూతురు శ్యామలక్క అక్కడే బడిలో టీచరు. ఒకసారి నేను చేసిన రంగు మొదటిసారి సరిగ్గా పనిచేసింది. ఆ సంతోషం పట్టలేక రెండు చిన్న సీసాలూ ఒక నీలి టార్చీ పట్టుకుని బస్సెక్కాను. ఒక సీసాలో ఉత్త రంగు, రెండో దాంట్లో అదే రంగుతో పాటు ల్యాబులో పెంచిన ప్రోటీన్ పోగులు. తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, టార్చి వేశాను. పోగులున్న సీసా పసుపుపచ్చగా వెలిగింది. ఉత్త రంగున్నది వెలగలేదు. ఆ రంగు అణువు నీళ్లలో ఉన్నంతసేపు మెలికలు తిరుగుతూ తనకందిన వెలుగును వృథా చేస్తుందని, పోగుల సందులో ఇరుక్కుంటే ఇక తిరగలేక వెలుగుతుందని వివరించాను. సార్ రెండో సీసా వైపు చూపిస్తూ, “ఖాళీది గూడ తెచ్చినవ్,” అన్నారు. ఆ ఒక్క మాటలో నా చదువంతటికీ మార్కులు పడ్డాయి.

“మరి మనిషికి ఎప్పుడు పనికొస్తది?”

“ఇంకా చానా ఏండ్లు పడ్తది సార్. ఇప్పుడైతె నాళికలనే.”

“జర జల్ది గానియ్యి. రోగం నీ నాళిక కోసం ఆగుతదా?”

ఉత్త రంగున్న సీసాను దగ్గరగా చూద్దామని చేతిలోకి తీసుకున్నారు. వేళ్లు పట్టు తప్పాయి. సీసా ఒలికి, రంగు ఆయన మణికట్టు మీదుగా కారింది. నేను కంగారుగా సబ్బు కోసం లేస్తుంటే ఆయన టార్చి అందుకుని తన చేతి మీదే వేసుకున్నారు. “చూడు బిడ్డా, వెలగలే. నా చేతుల ఏం లేదు,” అని నవ్వారు. నేనూ నవ్వాను. చర్మం మీద పడ్డ రంగు లోపలికి పోదని, అది ఏమీ తేల్చలేదని నాకు తెలుసు. తెలిసీ నవ్వి, ఆ చేయి కడిగి, తువ్వాలుతో తుడిచాను. నేను ఏ పోగుల కోసం బతుకంతా రంగులు కలుపుతున్నానో, అవి నా రెండు చేతుల మధ్య ఉన్న ఆ మణికట్టులోనే ఉన్నాయి. గుమ్మం దాకా సాగనంపడానికి వచ్చి ఆయాసపడుతూ నిలబడితే, “వయసు మీద పడ్డది,” అన్నారు. దాన్నీ నమ్మాను.

తర్వాత కాళ్లు వాచాయి. నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందలేదు. శ్యామలక్క హైదరాబాదు దవాఖానకు తీసుకొచ్చి నాకు ఫోను చేసింది. గుండె గోడలు దళసరెక్కాయని, బీపీ వల్ల కావచ్చని డాక్టర్లు అనుకుంటున్నారు. నేను వెళ్లేసరికి అక్క వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండు చేతులూ విదిలించింది. అచ్చం సార్ విదిలించినట్టే.

“ఏమైందక్కా చేతులకు?”

“ఏం లేదే. చాక్‌పీసు పట్టి పట్టి తిమ్మిరి. పొద్దున లేస్తె వేళ్లు పని జెయ్యయ్.”

“నువ్వు ఎప్పుడన్న నూలు పిండినవా?”

“నేనా? ఆ కాగు దిక్కు గూడ పోనియ్యలే నాయిన. చదువుకొమ్మన్నడు.” ఆ ప్రశ్న ఎందుకో తెలియక నా ముఖంలోకి చూసింది. “ఏందే, గట్ల చూస్తున్నవ్?”

చెవుల్లో సార్ గొంతే వినిపిస్తోంది. ఖాళీది ఏదమ్మా? ఖాళీది నా ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. నూలు పిండని చేయి, అదే తిమ్మిరి. పిండటం కారణం కాదు. తాత నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి, ఇప్పుడు ఈమెకు నెత్తురులో వస్తున్నదేదో ఉంది. నేను లేచి డాక్టరమ్మ గదికి వెళ్లి నాలుగు తరాల చేతుల సంగతి చెప్పాను. ఆమె పూర్తిగా విని, పొట్ట దగ్గరి కొవ్వులోంచి సూదితో కొద్దిగా తీసి పరీక్షకు పంపించింది. నేను తయారుచేసిన రంగు ఆ పరీక్ష గదిలోకి రాలేదు. అది ఇంకా నాళిక దాటలేదు. వచ్చింది సార్ ఆనాడు బీరువాలోంచి తీసి చూపించిన ఆ పాత కాంగో రెడ్డే. స్లైడు చూస్తున్న డాక్టరు నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. వెలుగును మార్చే అద్దాన్ని మెల్లగా తిప్పాను. నల్లటి చీకట్లో లేత ఆకుపచ్చ మెరుపులు లేచాయి. అంతకు ముందు ఎన్నోసార్లు ఆ రంగు చూసి ముచ్చటపడ్డాను. ఆ రోజు చూడలేక కళ్లు మూసుకున్నాను.

సార్‌కు చెప్పే పని అక్క నా మీదే పెట్టింది. మంచం పక్కన కూర్చుని, పాఠం అప్పజెప్పినట్టు మొత్తం చెప్పాను. ఒక ప్రోటీన్, పుట్టుకతో వచ్చిన చిన్న తేడా, ఏళ్ల తరబడి పేరుకున్న పోగులు. అవి ముందు మణికట్టులో చేరి నరాన్ని నొక్కుతాయి, తర్వాత గుండెకు చేరతాయి. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

“అంటె నాయిన చేతులు గూడ గదేనా?”

“అయ్యుంటది సార్.”

“మరదలు అననే అన్నది. మాకెందుకు రాలేదు అని,” అన్నారు. “నేను నవ్విన. ఖాళీది ఇంట్లనే ఉండె. చూడలే.”

“మేమూ చూడలే సార్.”

“ముందే తెలిస్తె మందుండెనా?”

అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆ మనిషి ముందు అబద్ధం నోట రాలేదు. “మాత్రలు ఉన్నయ్ సార్. మొదట్ల పడితె ఎక్కువ పేరుకోకుండ ఆపుతయ్.” ఆయన తల ఊపారు. తనకెంత టైముందని అడగలేదు. “శ్యామలకు టైముందా?” అని అడిగారు. ఉందన్నాను. ఆయన తిమ్మిరెక్కిన వేళ్లతో నా చేయి పట్టుకున్నారు. పట్టు నిలవక వేళ్లు జారాయి, నేనే గట్టిగా పట్టుకున్నాను. “అయితె ఒక వాయి చెడిపోయింది, ఇంకో వాయి దక్కింది. నువ్వు పరేషాన్ గాకు,” అన్నారు. వానలు మొదలు కాకముందే సార్ పోయారు.

శ్యామలక్క నెత్తురు పరీక్షలో ఆ తేడా దొరికింది. గుండె ఇంకా బాగానే ఉంది. మాత్రలు వేసుకుంటోంది, బడికి పోతోంది. గద్వాలలో సార్ తమ్ముడిని ఒప్పించడం మాత్రం మా వల్ల కాలేదు. ఆయన పరీక్ష చేయించుకోలేదు. “మా అన్న గుండె వేరు, నా చేతులు వేరు. నావి పని జేసిన చేతులు,” అంటాడు. రోగమని ఒప్పుకుంటే బతుకంతా పడ్డ కష్టం చేతుల్లోంచి ఎవరో లాక్కున్నట్టు ఆయనకు తోస్తుందేమో. ఆయన మీద నాకు కోపం వస్తుంది. కానీ ఆ కోపాన్ని ఎక్కువసేపు నిలుపుకోలేను, ఎందుకంటే అదే మాటను నేను కూడా ఎన్నో ఏళ్లు ప్రేమగా విన్నాను. ఆయన భార్య మాత్రం పెరట్లోని కోరా పోగు ఒకటి తెంపి నాకు ఇచ్చింది. అది నా మైక్రోస్కోపు మెడకు కట్టి ఉంది.

పోయిన వారం వరండాలో పిండుతున్న చప్పుడు సగంలో ఆగింది. నేను బయటికి వచ్చి చూస్తే చెన్నమ్మ చేతులు విదిలిస్తోంది. ఆమెది అమరచింత, పొట్ట చేతపట్టుకుని పట్నం వచ్చింది. తిమ్మిరా అని అడిగాను. “అవునమ్మా. పిండి పిండి గిట్లయ్యింది,” అంది. ఆమెను అక్కడే కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టాను. మీ అమ్మకు ఉండెనా, మీ నాయినకు ఉండెనా, మీ ఇంట్ల బట్ట పిండనోళ్లకు ఎవరికన్న ఉందా? ఆమెకు నా వాలకం విచిత్రంగా తోచింది. “ఎవ్వరికి లేదమ్మా, నాకే. ఏందమ్మా గట్ల బుగులుబడ్తున్నవ్?” అయినా ఊరుకోక దవాఖానకు తీసుకుపోయాను. అన్నీ చూశారు. ఆమెకు నిజంగా పిండటం వల్లే వచ్చింది. ఇప్పుడు ఆమెకు పిండాల్సిన పని లేని బకెట్టు తెప్పించాం, తిమ్మిరి తగ్గుతోంది. తిరిగి వస్తూ బస్సులో ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆ ప్రశ్నలు అడగడానికి ఒక చాయ తాగేంత సేపు కూడా పట్టలేదు. ఆ పెరట్లో, ఆ క్లాసులో, దుప్పటి కట్టిన ఆ గదిలో, సార్ ఎదురుగా నాకు అంతకంటే ఎక్కువ సేపే దొరికింది.